మూసీ ముంపు గీత: హైదరాబాదు భూవినియోగంలో వరద పటాల చరిత్ర (1908–2025)

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు నగర చరిత్రకారులు 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరదను ఒక మలుపుగా గుర్తించారు. ఆ విపత్తు తరువాతే జంట జలాశయాలు, భూగర్భ మురుగునీటి వ్యవస్థ, విశాలమైన రహదారులు, నదీ తీరపు భవనాలు వచ్చాయని, ఆధునిక హైదరాబాదు వరద బురదలోంచి పుట్టిందని చెప్పడం పరిపాటి. ఆ కథనంలో సత్యం లేకపోలేదు. అయితే అందులో ఒక ప్రశ్న మరుగునపడింది. నీరు ఎంతవరకు రాగలదో తెలిసిన తరువాత, ఆ హద్దుకు లోపల ఉన్న భూమిని దేనికి వాడవచ్చు, దేనికి వాడకూడదు అన్న నిర్ణయం ఏ పటం ఆధారంగా జరిగింది?

ఒక శతాబ్దానికి పైబడిన కాలంలో నగరానికి అనేక పటాలు తయారయ్యాయి. ఆస్తి పటం, రెవెన్యూ పటం, చెరువు హద్దుల పటం, బృహత్ ప్రణాళిక పటం దేనికదే ఒక ప్రయోజనాన్ని ఆశించి గీసినవి. వరద నీరు చేరే ఎత్తును కొలిచి, దాన్ని భూవినియోగ చట్టంతో ముడిపెట్టిన పటం మాత్రం వాటిలో చోటు సంపాదించుకోలేదు. ఆ లోటును పూరించడానికి ఇతర గీతలను అరువు తెచ్చుకోవలసి వచ్చింది. ఆ అరువు గీతల చరిత్రే ఈ వ్యాస విషయం.

2. లెక్కకు అందిన వరద

1908 సెప్టెంబర్ చివరలో మూసీ, ఈసీ నదుల ఎగువ పరీవాహక ప్రాంతంలో కురిసిన వాన అసాధారణమైనది. శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు నమోదైంది. నది నగరంలోకి పొంగింది. అఫ్జల్‌గంజ్, ముస్లింజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి. కుతుబ్‌షాహీల కాలపు పురానాపూల్ నిలిచింది. మృతుల సంఖ్య సుమారు 15,000 అని, నేలమట్టమైన ఇళ్లు 19,000 అని సాధారణంగా పేర్కొంటారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కుమార్తెను ఆ వరదలోనే పోగొట్టుకున్నాడు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు పైకెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారన్నది నగరం నేటికీ చెప్పుకునే ముచ్చట.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం ఆహ్వానించగా మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1909లో హైదరాబాదు చేరుకున్నాడు. ఆయన చేసిన పనిలో ఆనకట్టల ప్రతిపాదనకు దక్కిన గుర్తింపు, దానికి ముందు జరిగిన లెక్కింపుకు దక్కలేదు. నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతం సుమారు 860 చదరపు మైళ్లు. అందులో 788 చెరువులు ఉన్నాయని, వాటిలో 221 చెరువులకు గండ్లు పడ్డాయని ఆయన నివేదించాడు. సగటున చదరపు మైలుకు ఒక చెరువు. గరిష్ఠ ప్రవాహాన్ని సెకనుకు 4,25,000 ఘనపుటడుగులుగా అంచనా వేశాడు.

ఈ సంఖ్యల్లో 788, 221 అన్న జంట ముఖ్యమైనది. తెలంగాణలోని గొలుసుకట్టు చెరువుల నిర్మాణం తెలిసినవారికి దాని అంతరార్థం వెంటనే బోధపడుతుంది. ఎగువ చెరువు మత్తడి దూకితే ఆ నీరు దిగువ చెరువుకు చేరుతుంది. సాధారణ సంవత్సరాల్లో అది వరం. అతివృష్టిలో ఎగువ కట్ట తెగితే, ఒక చెరువు మోయవలసిన నీటితోపాటు పై చెరువు నీరంతా ఒక్కసారిగా దిగువ కట్ట మీద పడుతుంది. అప్పుడది కూడా తెగుతుంది. అంటే 1908 నాటి వరదలో వానతో పాటు గొలుసు తెగిన చెరువుల నీరు కూడా ఉంది. వరద నది ఒడ్డున పుట్టదని, పరీవాహక ప్రాంతమంతటా పుడుతుందని నగరానికి అందిన తొలి సాంకేతిక పాఠమిది.

ఈ పాఠం నుండి రెండు దారులు చీలాయి. ఒకటి నీటిని ఎగువనే ఆపడం. రెండవది నీరు రాగల భూమిని గుర్తించి, దాని వాడకాన్ని నియంత్రించడం. ప్రభుత్వం మొదటి దారిని ఎంచుకుంది. ఆనాటి ఇంజనీరింగు చింతనలో అది సహజమే. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఇవి వరదను ఆపే జలాశయాలే కాక నగరానికి తాగునీటి నెలవులు కూడా అయ్యాయి. ఇక్కడే ఒక స్వభావసిద్ధమైన వైరుధ్యం ఉంది. వరదను మింగవలసిన జలాశయం వానాకాలంలో ఖాళీగా ఉండాలి. దాహం తీర్చవలసిన జలాశయం నిండుగా ఉండాలి. నగరం దాహంతో పెరిగినకొద్దీ రెండవ అవసరానిదే పైచేయి అయింది.

3. పటానికెక్కిన నగరం, తీరానికి చేరిన భవనాలు

1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. అదే దశాబ్దంలో లియోనార్డ్ మన్ పర్యవేక్షణలో హైదరాబాదు మునిసిపల్ ప్రాంతం సవివరంగా సర్వే అయింది. వందలాది పలకలుగా తయారైన ఆ పటాలు నేటికీ నగర చరిత్ర పరిశోధకులకు ప్రాథమిక ఆధారాలు. ఏ గల్లీ ఎంత వెడల్పు, ఏ దేవిడీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది, బావి ఎక్కడ ఉంది, గోడ ఎక్కడ ఉంది అన్న వివరాలు వాటిలో కనిపిస్తాయి. వీధుల విస్తరణకు, ఇరుకు వాడల తొలగింపుకు, కొత్త కట్టడాలకు అవి ఉపకరించాయి. వరద పుట్టించిన పటాలే అయినా, వాటి దృష్టి ప్రధానంగా కట్టడాల మీద, హద్దుల మీద నిలిచింది.

ఆ తరువాత నదీ తీరంలో జరిగిన నిర్మాణమే నాటి పాలకుల ధీమాకు సాక్ష్యం. వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయిన తావులోనే ఉస్మానియా ఆసుపత్రి లేచింది. హైకోర్టు, సిటీ కళాశాల, అసఫియా గ్రంథాలయం సైతం మూసీ ఒడ్డునే వెలిశాయి. తీరం వెంట గట్లు పోసి, ఉద్యానాలు వేయాలన్నది విశ్వేశ్వరయ్య సూచన. ఆ గట్ల మీదనే ప్రభుత్వం తన ఠీవిని నిలబెట్టింది. కొట్టుకుపోయిన ఒడ్డుకే నగరంలోకెల్లా గొప్ప భవనాలు చేరాయంటే, ఎగువ ఆనకట్టలు నదిని శాశ్వతంగా లొంగదీశాయన్న నమ్మకమే కారణం. అది గుడ్డి నమ్మకమని అనడం అన్యాయం. 1908 స్థాయి ప్రవాహం మళ్లీ నగర మధ్యం గుండా పోలేదు. అయితే ప్రభుత్వమే ఒడ్డున కట్టుకున్నాక, ఒడ్డు ప్రమాదకరమైనదని ప్రజలకు చెప్పగల నైతిక స్థానం దానికి మిగలలేదు. ఆ ఒరవడి స్వాతంత్ర్యానంతరం కూడా ఆగలేదు. గౌలిగూడ దగ్గర నదీ గర్భంలోని దీవిపై మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నిర్మాణమైంది.

4. శిఖం: ఏడాదికి రెండు రూపాలు గల భూమి

చెరువు గర్భాన్ని తెలంగాణ రెవెన్యూ పరిభాషలో శిఖం అంటారు. ఈ మాటను కేవలం చెరువు భూమి అని అర్థం చెప్పుకుంటే చరిత్ర అర్థం కాదు. శిఖంలో ప్రభుత్వ భూమి ఉంది, పట్టా భూమి కూడా ఉంది. వానాకాలంలో మునిగి, నీరు వెనక్కి తగ్గాక తేలే నేలలో పంట తీసుకునే హక్కు రైతుకు ఉండేది. నీటికి, నాగలికి మధ్య కాలాన్ని పంచిన ఏర్పాటు అది. ఆ భూమి ఏడాదిలో కొన్ని నెలలు చెరువు, మిగిలిన నెలలు పొలం. దాని పట్టా అబద్ధం కాదు, దాని మునక కూడా అబద్ధం కాదు.

సాగు ఆగిపోయి, ఆయకట్టు పొలాలు కాలనీలుగా మారినప్పుడు ఈ ఏర్పాటు తలకిందులైంది. ఆయకట్టు లేని చెరువుకు తూము అక్కరలేదు. తూము కనిపెట్టుకుని ఉండే నీరటి అక్కరలేదు. మత్తడి మరమ్మతు ఎవరి పనీ కాదు. శిఖం పట్టా మాత్రం కాగితం మీద చెక్కుచెదరకుండా నిలిచింది. కాలంతో పరిమితమైన హక్కు స్థలంతో పరిమితమైన ప్లాటుగా మారింది. అమ్మినవాడి దగ్గర నిజమైన పట్టా ఉంది. కొన్నవాడి దగ్గర నిజమైన రిజిస్ట్రేషన్ పత్రం ఉంది. కొన్నిచోట్ల గృహనిర్మాణ అనుమతి, ఇంటిపన్ను రసీదు, కరెంటు కనెక్షను కూడా ఉన్నాయి. చెరువుల ఆక్రమణలను కేవలం కబ్జాల కథగా చెప్పే రచనలు ఈ పొరను విస్మరించాయి. కబ్జాలు జరిగాయి, దౌర్జన్యంగానే జరిగాయి. కానీ చట్టబద్ధమైన పత్రాల దారిన కూడా నీటి నేల ఇంటి నేలగా మారిందని ఒప్పుకోకపోతే, సమస్య మూలం పటంలోనే ఉందన్న సంగతి బయటపడదు.

5. ముంపు మండలాల నమూనా చట్టం

వరద పటాన్ని భూవినియోగంతో ముడిపెట్టే ఆలోచన ఇరవయ్యో శతాబ్ది మధ్యలో అమెరికాలో బలపడింది. గిల్బర్ట్ వైట్ షికాగో విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధన 1945లో ప్రచురితమైంది. కట్టలు, ఆనకట్టలు మాత్రమే చాలవని, మనుషులు వరద మైదానంలో ఎలా స్థిరపడుతున్నారన్నదే కీలకమని ఆయన వాదించాడు. 1968 నాటి జాతీయ వరద బీమా చట్టం ఆ చింతనకు రూపమిచ్చింది. ఏ సంవత్సరంలోనైనా ఒక శాతం అవకాశం గల వరద ఎంతవరకు చేరుతుందో పటంపై గీస్తారు. కౌంటీ లేదా పట్టణం ఆ పటాన్ని స్వీకరించి, తన నిర్మాణ నిబంధనల్లో చేర్చుకుంటేనే అక్కడి ఇళ్లకు బీమా దక్కుతుంది. ఆ ఏర్పాటుకు లోపాలు లేకపోలేదు. గీతకు అడుగు అవతల ఉన్నవాడు తాను సురక్షితుడనని భ్రమపడతాడు. వందేళ్ల వరద అన్న వాడుక మాట మరింత మోసపుచ్చుతుంది; ఏటా ఒక శాతం అవకాశమంటే, ముప్పై ఏళ్ల కాలంలో ఆ ఇంటికి ముంపు తగిలే అవకాశం సుమారు 26 శాతం. అయినా ముంపును గీసే చేయి, అనుమతిని ఇచ్చే చేయి ఒకే పటాన్ని చూస్తాయన్నది దాని బలం.

భారతదేశంలో కేంద్ర జలసంఘం వరద మైదానాల మండలీకరణకు ఒక నమూనా బిల్లును రూపొందించగా, 1975లో అది రాష్ట్రాలకు అందింది. మార్గదర్శకాలు స్పష్టమైనవే. రక్షణ స్థావరాలు, పరిశ్రమలు, ప్రజోపయోగ సేవా కేంద్రాలు వందేళ్ల వరద మట్టానికి పైన ఉండాలి. ప్రభుత్వ కార్యాలయాలు, విద్యాసంస్థలు, నివాసాలు ఇరవై అయిదేళ్ల వరద మట్టానికి పైన ఉండాలి. తరచూ మునిగే నేల ఉద్యానాలకు, ఆటస్థలాలకు సరిపోతుంది. మణిపూర్ 1978లో చట్టం చేసింది. ఆ తరువాత రాజస్థాన్, ఉత్తరాఖండ్ వంటి ఒకటి రెండు రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. నీరు, భూమి రెండూ రాష్ట్రాల పరిధిలోని అంశాలు కావడంతో కేంద్రం సూచనకే పరిమితమైంది. నేల ధర పెరుగుతున్న నగరం చుట్టూ ముంపు మండలం ప్రకటించడమంటే ఆ నేల విలువను ప్రభుత్వమే తగ్గించినట్లవుతుంది. ఆ పని ఎవరూ కోరి తలకెత్తుకోలేదు.

దేశంలోని వరద ప్రాంతాల అట్లాసును ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 2023లో వెలువరించిన జాతీయ దూరసంవేదన కేంద్రం ఉన్నది హైదరాబాదులోనే. బ్రహ్మపుత్ర, గంగ మైదానాల్లో రోజుల తరబడి నిలిచే నీటిని ఉపగ్రహం పట్టుకోగలదు. నగర వరద అలా కాదు. అది రాత్రి వచ్చి తెల్లవారేసరికి దిగిపోతుంది. ఇళ్ల గోడల మధ్య దాగుతుంది. దాన్ని పటానికెక్కించాలంటే నేలమీద మట్టాలు కొలవాలి, వానను వీధి వారీగా లెక్కించాలి.

6. అరువు గీతలు

ముంపు గీత లేనిచోట మరో గీత ఆ పని చేసింది. 1996 మార్చి 8న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జారీచేసిన 111వ ఉత్తర్వు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల పూర్తి నీటిమట్టం నుండి 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. 84 గ్రామాలు, సుమారు 1.32 లక్షల ఎకరాలు ఆ పరిధిలోకి వచ్చాయి. దాని ఉద్దేశం తాగునీటి రక్షణ. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికి, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడుకు మధ్య నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1999, 2000 సంవత్సరాల్లో ఇచ్చిన తీర్పులు కూడా ముందుజాగ్రత్త సూత్రాన్ని తాగునీటి దృష్టితోనే సమర్థించాయి.

కానీ ఆ గీత వరదకు కూడా పనికొచ్చింది. ఎగువ పరీవాహక ప్రాంతం పొలాలుగా మిగిలినందువల్ల వాననీరు ఇంకడానికి చోటుంది, వాగులు పూడలేదు. 1909లో లెక్కకెక్కిన చెరువుల నేలలో కొంత భాగం ఈ ఉత్తర్వు నీడలో నిలిచింది. ఎవరూ రాయని ప్రయోజనానికి చట్టబలం ఉండదు. మంజీరా, కృష్ణా, గోదావరి జలాలు నగరానికి అందాక జంట జలాశయాల వాటా క్షీణించింది. 2022 ఏప్రిల్‌లో వెలువడిన 69వ ఉత్తర్వు నగర నీటి అవసరాల్లో వాటి వాటా 1.25 శాతం మాత్రమేనన్న వాదనతో ఆంక్షలను సడలించింది. 2023 మే నెలలో 111వ ఉత్తర్వును పూర్తిగా ఎత్తివేయాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. తాగునీటి తక్కెడలో తూచినప్పుడు ఆ నిర్ణయానికి తర్కం ఉంది. ఉత్తర్వు ఏ తక్కెడ కోసం పుట్టిందో అదే తక్కెడలో దాన్ని తూచారు. వరద అన్న రెండవ తక్కెడ ఆదినుండీ లేదు.

రెండవ అరువు గీత చెరువుల పూర్తి నీటిమట్టం. వాడుకలో ఎఫ్.టి.ఎల్. అన్న మూడక్షరాలు నేడు భూముల కొనుగోలుదారులందరికీ పరిచితమే. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఆ మట్టం నుండి 30 మీటర్లు, అంతకన్న చిన్నవాటికి 9 మీటర్లు ఖాళీ వదలాలి. పది మీటర్లకు మించి వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, సన్నవాటికి 2 మీటర్లు. నదికి నగరపాలక పరిధిలో 50 మీటర్లు, బయట 100 మీటర్లు.

ఈ కొలతల్లోని ఇబ్బంది వాటి నిర్వచనంలోనే ఉంది. పూర్తి నీటిమట్టం అంటే నీరు మత్తడి అంచుకు చేరిన స్థితి. మత్తడి దూకుతున్నప్పుడు నీరు ఆ అంచుకు పైన ఉంటుంది. కనుక వరద రోజున చెరువు మట్టం ఎఫ్.టి.ఎల్. కన్న ఎప్పుడూ ఎక్కువే. ఎంత ఎక్కువన్నది వానను, మత్తడి పొడవును, దిగువ కాలువ దారిని బట్టి మారుతుంది. 30 మీటర్లన్న స్థిరమైన కొలత దానికి బదులు చెప్పదు. చదునైన నేలలో ఒక అడుగు ఎత్తు పెరిగితే నీరు వందల అడుగులు పరుచుకుంటుంది. మత్తడిని ఎవరైనా గుట్టుగా కోసి ఎత్తు తగ్గిస్తే ఎఫ్.టి.ఎల్. కూడా దిగుతుంది, శిఖం కుదించుకుపోతుంది, పటం దానికి ఆమోదముద్ర వేస్తుంది. అన్నిటికీ మించి, ఆ గీత చెరువు పై భాగానిది. కట్ట తెగితే మునిగేది కట్ట కింది వాడ. దానికి గీతే లేదు.

7. 2000, 2020: కట్ట కింది నగరం

2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒకే రోజు 24 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. హుస్సేన్‌సాగర్ నాలా వెంట ఉన్న బస్తీలు మునిగాయి. ఆ తరువాత కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ సంస్థ నాలాలపై అధ్యయనం చేసి, విస్తరణలు, తొలగింపులు సిఫారసు చేసింది. అమలు కొద్దిపాటిది.

2020 అక్టోబర్ 13, 14 తేదీల వాన మరింత బోధకమైనది. ఘట్‌కేసర్ పరిసరాల్లో 32 సెంటీమీటర్లు నమోదైంది. 1908లో శంషాబాదులో 24 గంటల్లో కురిసిన 12.8 అంగుళాలు కూడా దాదాపు అంతే. తేడా ఒక్కటే: ఘట్‌కేసర్ నగరానికి తూర్పున, దిగువన ఉంది, శంషాబాదు ప్రాంతం ఎగువన ఉంది. జంట జలాశయాలు పడమటి నీటిని ఆపడానికి కట్టినవి. నగరం మాత్రం వాటి అదుపులో లేని దక్షిణ, తూర్పు గొలుసు చెరువుల మీదుగా విస్తరించింది. పల్లెచెరువు నీరు అల్ జుబైల్ కాలనీని ముంచింది. కొద్ది రోజులకే గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్‌బాబానగర్ మునిగింది. విశ్వేశ్వరయ్య 221గా లెక్కపెట్టిన గండ్ల పద్ధతిలోనే, 112 ఏళ్ల తరువాత, ఈసారి కట్ట కింద వరిపొలం బదులు ఇరుకు ఇళ్ల వరుసలు ఉన్నాయి. ఆ ఇళ్లలో అధిక భాగం ఎఫ్.టి.ఎల్.కు బయటివే. నిబంధనల కళ్లకు అవి సురక్షితమైన స్థలాలు.

8. ఎర్ర గుర్తు

2024 జూలైలో 99వ ఉత్తర్వు ద్వారా హైడ్రా ఏర్పడింది. చెరువుల పూర్తి నీటిమట్టంలో, దానిని ఆనుకున్న ఖాళీ పరిధిలో ఉన్న కట్టడాలను అది కూల్చడం మొదలుపెట్టింది. సెప్టెంబర్‌లో మూసీ ఒడ్డు ఇళ్ల గోడల మీద అధికారులు ఎర్ర రంగుతో ఆర్.బి.ఎక్స్. అని గుర్తు పెట్టారు. నదీ గర్భంలో ఉన్నాయన్నది దాని భావం. దశాబ్దాలుగా పన్ను కట్టిన కుటుంబాలు గోడ మీది అక్షరాల ద్వారా తాము నదిలో ఉన్నామని తెలుసుకున్నాయి. పటం గోడ మీదికి వచ్చింది, కాని ఇల్లు కట్టిన తరువాత వచ్చింది.

ఈ కార్యాచరణను సమర్థించేవారి మాటలో బలముంది: నీటి దారిలో ఇల్లు ఉంటే ఆ ఇంటివారికే ముందు ప్రమాదం. వ్యతిరేకించేవారి మాటలోనూ బలముంది: అదే నది ఒడ్డున ప్రభుత్వ భవనాలు, బస్ స్టేషను, మెట్రో కట్టడాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఈ రెండు మాటలను తూచడానికి కావలసిన కొలబద్ద వరద మట్టం. ఏ ఇల్లు ఇరవై అయిదేళ్ల వరదలో మునుగుతుంది, ఏది వందేళ్ల వరదలో మునుగుతుంది, ఏ ప్రభుత్వ భవనం ఏ తరగతికి చెందుతుంది అన్నది ఒకే పటంలో, ఒకే కొలతతో ప్రకటితమైతే తొలగింపు శిక్షగా కాక రక్షణగా కనిపించే అవకాశం ఉండేది. గర్భం, పరిధి అన్న మాటలు ఆస్తి హద్దుల భాషకు చెందినవి. అవి ఆక్రమణదారును గుర్తిస్తాయి, ప్రమాదాన్ని కొలవవు. అందువల్లనే న్యాయస్థానాల్లో వాదం పట్టా చుట్టూ, సర్వే నంబరు చుట్టూ, తుది ప్రకటన జరిగిందా లేదా అన్న అంశం చుట్టూ తిరుగుతున్నది. నీటి ఎత్తు ఎంత అన్నది అరుదుగా వినిపించే ప్రశ్న.

2025 సెప్టెంబర్ చివరి వారంలో ఎగువ వానలకు జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ నీరు మహాత్మాగాంధీ బస్ స్టేషన్ ప్రాంగణంలోకి చేరింది. ప్రయాణికులను సురక్షితంగా బయటికి చేర్చారు. 1908 ప్రవాహంతో పోలిస్తే ఆనాటి విడుదల స్వల్పమైనది. ఆ బస్ స్టేషన్ గోడ మీద ఎర్ర గుర్తు లేదు.